మన ఆరోగ్యం ఎవరి లెక్క?

ఆరోగ్య హక్కు అనగానే డాక్టరు లేని ఆసుపత్రి, మందులు లేని అల్మరా, సమయానికి రాని అంబులెన్సు మన కళ్ళముందు మెదులుతాయి. వాటి గురించి మాట్లాడుతూనే వున్నాం, మాట్లాడాలి కూడా. అయితే ఏ ఊళ్ళో డాక్టర్ని వేయాలో, ఏ జబ్బుకి డబ్బు కేటాయించాలో, ఏ మండలానికి ఎన్ని ఐరన్ మాత్రలు పంపాలో నిర్ణయించేది లెక్క. ఆ లెక్కలో స్త్రీ ఎలా కనిపిస్తోంది? అసలు కనిపిస్తోందా? ఆమె గురించి రాసుకున్న వివరాలు ఎవరి చేతుల్లో వున్నాయి? ఈ ప్రశ్నలు మన సభల్లోనూ, మన కరపత్రాల్లోనూ దాదాపు వినపడవు. ఆరోగ్య హక్కుల మీద తెస్తున్న ఈ సంచికలో ఆ చర్చకి తలుపు తీయాలనుకున్నాం.

సంపాదకవర్గంలో ఈ మాట రాసే బాధ్యత నా మీద పడటానికి కారణం నా ఉద్యోగం. చాలా ఏళ్ళుగా నేను ప్రజారోగ్య రంగంలో సాఫ్ట్‌వేర్, డేటా ఇంజనీరుగా పనిచేస్తున్నాను. సబ్‌సెంటర్లలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పెద్దాసుపత్రుల్లో నమోదయ్యే వివరాలు ఒకచోట చేరేలా ఏర్పాటు చేయడం, తప్పులు ఏరడం, నాలుగుచోట్ల నాలుగు రకాలుగా నమోదైన ఒకే మనిషి వివరాలను కలపడం, వాటిని పట్టికలుగా పైవాళ్ళకి అందించడం నా పని. గోదావరి మనుషులకి చెప్పాలంటే ఇది కాలవ పనిలాంటిది. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది. నీళ్ళు అందరివే. కానీ ఎవరి చేలోకి ముందు పారతాయో, ఎవరిది శివారు భూమిగా మిగిలిపోతుందో కాలవ గీసిన గీత మీదే ఆధారపడింది. సమాచారమూ అంతే. గీత గీసేటప్పుడు శివారు వాళ్ళని ఎవరూ అడగరు. ఆరోగ్య సమాచారంలో ఆ శివారు మనమే.

అన్నిటికంటే ముందు గడి గురించి చెప్పాలి. కంప్యూటరు తెర మీద నింపాల్సిన ఖాళీలు వుంటాయి కదా, పేరు, వయసు, వృత్తి, వూరు అని. ఆ గడి లేకపోతే ఆ విషయమే లేదు. కంప్యూటర్ని ఎంత గింజుకున్నా అడగని ప్రశ్నకి జవాబు చెప్పదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లే స్త్రీల గురించి జర్మన్ స్త్రీవాది మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. మనలో చాలామందికి తెలిసిన పుస్తకమే. దేశదేశాలకు ఎగుమతయ్యే సరుకుని గంటల తరబడి కళ్ళు పోగొట్టుకుని అల్లింది ఆడవాళ్ళు. వ్యాపారమూ, లాభమూ మగవాళ్ళవి. అయినా ఆ ఆడవాళ్ళు జనాభా లెక్కల్లో పనిచేసేవాళ్ళుగా ఎక్కలేదు. వాళ్ళు "గృహిణులు". చేసేది "తీరిక వేళ పని". ఆ ఒక్క మాటతో కూలి తగ్గింది, కార్మిక చట్టం దూరమైంది, జబ్బు ఇంటి జబ్బు అయిపోయింది.

నలభై ఏళ్ళు దాటాయి. రిజిస్టరు పోయి ట్యాబ్ వచ్చింది. వృత్తి అనే గడి ముందు వేలు పెడితే వచ్చే జాబితాలో ఆడవాళ్ళకి ఎక్కువగా పడేది ఇప్పటికీ గృహిణి అన్న మాటే. భీమవరం చుట్టూ రొయ్యల షెడ్లలో మంచునీళ్ళలో చేతులు ముంచి తలలు వలిచే అమ్మాయి గృహిణి. కోనసీమలో కొబ్బరిపీచు దుమ్ము పీలుస్తూ తాడు పేనే ఆమె గృహిణి. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళే ఆమె, ఆ రోజు కూలి దొరక్క ఇంట్లో వుంటే, గృహిణి. రేపు ఎవరైనా వచ్చి ఈ జిల్లాలో రొయ్యల షెడ్ల ఆడవాళ్ళకి చేతుల తిమ్మిర్లు, చర్మవ్యాధులు ఎంతమందికి వున్నాయని అడిగితే, నా దగ్గర లక్షల వరసల సమాచారం వుంటుంది గానీ జవాబు వుండదు. లేదు కాబట్టి సమస్య లేదు అంటారు. పితృస్వామ్యం కంప్యూటర్లోకి ప్రవేశించడానికి పెద్ద కుట్ర అక్కర్లేదు, ఒక గడి చాలు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టు సంగతి చెబుతాను. గర్భిణీ స్త్రీని నమోదు చేసే తెరలో భర్త పేరు తప్పనిసరి అన్నారు. అది నింపకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు. భర్త వదిలేసినవాళ్ళు, పెళ్ళికానివాళ్ళు, ఆ పేరు చెప్పడం ఇష్టం లేనివాళ్ళు ఏం చేయాలని అడిగాను. "అలాంటి కేసులు ఎన్నుంటాయి మేడమ్? లెక్క చూపించండి, మారుద్దాం" అన్నారు. లెక్క ఎక్కడ నుంచి వస్తుంది? ఆ గడి దాటలేనివాళ్ళు లెక్కలోకే రారు కదా! ఏఎన్ఎంలు తమ బుద్ధికొద్దీ చుక్క పెట్టో, తండ్రి పేరు రాసో నడిపించారు. చివరికి ఆ చుక్కలన్నీ ఏరి, పోగేసి, బల్ల మీద పెడితే గానీ కదలలేదు. ముందు "భర్త లేదా తండ్రి" అయింది. తల్లి పేరు కూడా రాయవచ్చని ఒప్పించడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ గదిలో పదిమంది ఇంజనీర్లు, అధికారులు వుండేవారు. ఒక్క ఏఎన్ఎంని కూడా ఎప్పుడూ పిలవలేదు. నింపేది ఆమె, నిర్ణయించేది మరొకరు.

పేరు విషయానికొద్దాం. మగవాడి ఇంటిపేరు పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఒకటే. ఆడపిల్లకి చదువు సర్టిఫికెట్టులో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. మన జిల్లాల్లో ఒక్కో ఊళ్ళో ఎంతమంది సత్యవతులు, ఎంతమంది దుర్గలు, ఎంతమంది వెంకటలక్ష్ములు! వాళ్ళ పేర్లు తెలుగులో పలికి ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు. లక్ష్మి అన్న ఒక్క పేరునే ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. పుట్టినరోజు తెలియకపోతే జనవరి ఒకటి అని పడేస్తారు. వీళ్ళలో ఎవరు ఎవరో కంప్యూటరుకి తెలియజెప్పడం మా పనిలో సగం.

దానికి తోడు పుట్టింటి పురుడు. తాడేపల్లిగూడెంలో అత్తవారింట ఆరు నెలలు పరీక్షలు చేయించుకున్న అమ్మాయి ఏడో నెలలో రాజోలు దగ్గరి పుట్టింటికి వెళుతుంది. ఇది మన ఇళ్ళలో తరతరాలుగా నడుస్తున్నదే, ఎవరికీ కొత్త కాదు. కానీ నివాసాన్ని బట్టి లెక్కగట్టే ఏర్పాటుకి ఇది కొత్త. ఇక్కడ ఆమె "ఫాలోఅప్ తప్పిన కేసు". అక్కడ ఆమె కొత్త కేసు. ఒకే మనిషి రెండుసార్లు లెక్కకొచ్చింది, రెండుచోట్లా సగమే వచ్చింది. ఆమె రక్తం ఏడు గ్రాములకి పడిపోయిందని గూడెంలో నమోదైన సంగతి రాజోల్లో కాన్పు చేసే డాక్టరు కంటికి కనపడకపోతే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. అంకెలు కలపడం కేవలం గుమాస్తా పని కాదనీ, అది సరిగ్గా జరిగితే ఒక తల్లి బతుకుతుందనీ నమ్మే ఈ ఉద్యోగంలో వున్నాను. దేశంలో గర్భిణుల్ని పేరుపేరునా నమోదు చేసే ఏర్పాటు 2009 చివర మొదలైంది. మనం కంప్యూటర్లకి వ్యతిరేకం కాదు. ఆడవాళ్ళ బతుకు తీరు తెలియని కంప్యూటర్లకి వ్యతిరేకం.

సగటు అనే మాయ కూడా వుంది. 2022 ఏప్రిల్ 4 దాకా తూర్పు గోదావరి అంటే కాకినాడ, అమలాపురం, రాజమండ్రి, వాటితోపాటు రంపచోడవరం ఏజెన్సీ కూడా. డెల్టాలో రోడ్లున్నాయి, నర్సింగ్ హోములున్నాయి, 1958లో మొదలైన రంగరాయ మెడికల్ కాలేజీ వుంది. ఏజెన్సీలో నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలున్నాయి. రెంటినీ కలిపి జిల్లా సగటు తీస్తే డెల్టా అంకెల చాటున ఏజెన్సీ చావులు దాక్కున్నాయి. 2022లో ఏజెన్సీని అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపారు. దాంతో తూర్పు గోదావరి అంకెలు మారాయి. అంకె మారింది ఆసుపత్రి మెరుగుపడటం వల్లనా, గీత జరగడం వల్లనా? పాత జిల్లాతో కొత్త జిల్లాని పోల్చి ఎవరైనా "ప్రగతి" చూపిస్తే, ఏ మండలాలు కలిపి లెక్కగట్టారని మన కార్యకర్తలు ముందుగా అడగాలి.

ఈ సమాచారమంతా ఎవరి శ్రమ? 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. వాళ్ళని ఉద్యోగులు అనలేదు, స్వచ్ఛంద కార్యకర్తలు అన్నారు. ఇచ్చేది జీతం కాదు, పారితోషికం. నరసాపురం లేసు దగ్గర విన్న మాటే ఇది, కొత్త వేషంలో. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకి అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. పురస్కారం గోడకి తగిలించుకోవచ్చు గానీ దాంతో పొయ్యి వెలగదు. ఆశా ఇంటింటికీ తిరిగి అడుగుతుంది, ఏఎన్ఎం ట్యాబ్‌లో ఎక్కిస్తుంది. ఏఎన్ఎంల కోసం అనమోల్ అనే ట్యాబ్ ప్రోగ్రామును 2016లో మొదట ప్రవేశపెట్టింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. రిజిస్టర్లు పోతాయన్నారు. చాలాచోట్ల రిజిస్టరూ వుంది, ట్యాబూ వుంది, ఫోన్లో ఇంకో రెండు యాప్‌లూ వున్నాయి. లంకల్లో సిగ్నల్ వుండదు. పడవ దాటి వచ్చాక రాత్రిపూట ఇంట్లో కూర్చుని ఎక్కించాలి. "ఏవండీ, బాలింత మొహం చూసేదెప్పుడు? ట్యాబ్ మొహం చూట్టంతోనే సరిపోతందండి" అని ఒక ఏఎన్ఎం నాతో అన్నమాటలో వ్యంగ్యం లేదు, అలసట వుంది.

ఆ రాత్రి పని గంటలు ఏ గడిలోనూ లేవు. పైన కూర్చున్న అధికారి తెర మీద మాత్రం మండలం ఎర్రగానో పచ్చగానో కనిపిస్తుంది. ఎర్రగా వుంటే సమీక్షలో చీవాట్లు పడేది ఏఎన్ఎంకి. సిగ్నల్ లేక ఎర్రబడిందా, వరదొచ్చి ఎర్రబడిందా అని తెర చెప్పదు. 2022 జూలైలో గోదావరి వరదకి కోనసీమ లంకలు రోజుల తరబడి నీళ్ళలో వున్నాయి. గర్భిణుల్ని పడవల్లో ఒడ్డుకి చేర్చిన ఆ రోజుల్లో ట్యాబ్‌లో అంకె పడలేదు కాబట్టి పని జరగలేదనే అర్థమా? ఖాళీకీ సున్నాకీ తేడా వుంది. ఖాళీ అంటే తెలియదు అని. సున్నా అంటే లేదు అని. చీవాట్ల భయం ఖాళీని సున్నాగా మారుస్తుంది. "ప్రసూతి మరణాలు: సున్నా" అని చూసినప్పుడల్లా ఇది నిజంగా సున్నాయా, భయపడిన ఖాళీయా అని నేను వెతుకుతాను.

అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళ సంగతి మనకి తెలుసు. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో ఎస్మా ప్రయోగించారు. జీతం, గ్రాట్యుటీలతోపాటు యాప్‌ల భారం తగ్గించాలన్నది కూడా వాళ్ళ కోరికల్లో వుంది. మన పత్రికలు జీతం గురించి రాశాయి, యాప్‌ల మాట పెద్దగా పట్టించుకోలేదు. అది చిన్న విషయం కాదు. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి తల్లి ముఖాన్ని ఫోను గుర్తుపట్టడం తప్పనిసరి చేశారు. గుర్తుపట్టకపోతే తగవు ఎవరి మధ్య? ఢిల్లీలో నిబంధన రాసినవాడికీ తల్లికీ మధ్య కాదు, గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య.

ఇంతా చేసి పోగుచేసిన సమాచారం ఎవరికి ఉపయోగపడుతోంది? దీనికి మన రాష్ట్రంలోనే పెద్ద పాఠం వుంది. గర్భసంచి ఆపరేషన్ల పాఠం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్లో మూడు జిల్లాల్లో మొదలై 2008కల్లా రాష్ట్రమంతటా వచ్చింది. పేదవాళ్ళకి అదెంత ఆసరా అయిందో మనం ఎరుగుదుం. ఆ పథకం మొదటినుంచీ కంప్యూటర్ల మీదే నడిచింది. ఆపరేషన్‌కి ముందు అనుమతి, తరవాత బిల్లు, రోగి వయసు, ఊరు, ఆసుపత్రి పేరు, అన్నీ నమోదయ్యాయి. అంటే ముప్పై, ముప్పై అయిదేళ్ళ ఆడవాళ్ళ గర్భసంచులు ఏ ఊళ్ళో, ఏ ఆసుపత్రిలో వరసగా తీసేస్తున్నారో ఆ అంకెల్లో రోజూ పడుతూనే వుంది. ఆ ప్రశ్న వేసి చూస్తే కనపడేది. బిల్లు సరిగ్గా వుందా అన్నది చూడటానికి ఏర్పాటు వుంది. ఆ ఆపరేషన్ ఆమెకి అవసరమా అన్నది చూడటానికి లేదు.

ఆ ప్రశ్న బయటి నుంచి వచ్చింది. హైదరాబాదులోని డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాష్ మెదక్ జిల్లా ఊళ్ళలో ఆపరేషన్ అయిన స్త్రీలతో మాట్లాడారు. తెల్లబట్టకీ, నడుంనొప్పికీ, "క్యాన్సర్ అవుతుందమ్మా" అన్న బెదిరింపుకీ గర్భసంచులు ఎలా తీసేశారో బయటపెట్టారు. స్త్రీల సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గొంతు కలిపాయి. ఆరోగ్యశ్రీలో కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది, గర్భసంచి ఆపరేషన్ వాటిలో ఒకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నారా అని విడిగా, వివరంగా అడిగింది మొదటిసారిగా 2015-16లోనే. గడి పెట్టగానే ఏం కనిపించింది? 15-49 ఏళ్ళ వయసు స్త్రీలలో దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మనమే మొదటి స్థానం. 2019-21 సర్వేలోనూ మన రాష్ట్రం 8.7 దగ్గరే వుంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయమని రాష్ట్రాలను ఆదేశించింది. చిన్న వయసులో గర్భసంచి, అండాశయాలు పోయిన ఆడదాని ఎముకలు ఎలా గుల్లబారతాయో, గుండె జబ్బు ఎలా ముందుకొస్తుందో మనచుట్టూ చూస్తూనే వున్నాం. పథకం పేరు మారింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. ఎన్ని పేర్లు మారినా ఆ అంకెలు అక్కడే వున్నాయి. వయసువారీగా, ఆసుపత్రివారీగా ప్రతి ఏడూ బయటపెట్టమని మనం అడగాలి.

ఇక్కడే ఈ సంపాదకీయంలోని అసలు మాట చెప్పాలి. ఒక మనిషి వివరం ఆ మనిషిది. మొత్తాల లెక్క ప్రజలందరిదీ. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. ఒక్కొక్క స్త్రీ రహస్యం పదిమంది చేతుల్లో తిరుగుతోంది. అందరికీ తెలియాల్సిన మొత్తం మాత్రం అధికారుల పాస్‌వర్డుల వెనక భద్రంగా వుంది.

రహస్యం సంగతి చూడండి. ఆరోగ్య ఖాతా అనీ, ఆభా అనీ పద్నాలుగు అంకెల నెంబరు ఇస్తున్నారు. ఆసుపత్రి చీటీ కిటికీ దగ్గర నిలబడ్డ ఆమెని ఆధార్ అడుగుతారు. ఫోనుకి వచ్చిన ఓటీపీ చెప్పమంటారు. ఆమె చెబుతుంది. దాన్ని సమ్మతి అంటారు. వెనక వరసలో యాభై మంది, ముందు కిటికీ, చేతిలో చంటిపిల్ల. చెప్పనంటే చీటీ ఇస్తారో ఇవ్వరో తెలియదు. పైగా ఆ ఫోను ఎవరిది? చాలా ఇళ్ళలో భర్తది, కొడుకుది. ఆమె చేయించుకున్న పరీక్ష వివరం సందేశంగా ముందు అతని చేతిలో మోగుతుంది. గర్భం తీయించుకున్న సంగతి, పిల్లలు పుట్టకుండా వేయించుకున్న సాధనం సంగతి, హెచ్ఐవి పరీక్ష సంగతి అలా బయటపడితే ఆమె ఇంట్లో ఏం జరుగుతుందో గృహహింస కేసులు చూసే మన కార్యకర్తలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

విచిత్రమేమిటంటే కాగితం కాలంలో ఈ జాగ్రత్త వుంది. గర్భస్రావ చట్టం కింద 2003 నిబంధనల ప్రకారం అడ్మిషన్ రిజిస్టరు రహస్య పత్రం. మిగతా కాగితాల్లో పేరు బదులు వరస నెంబరు వాడాలి. 2021 సవరణ ప్రకారం ఆమె పేరు బయటపెడితే ఏడాది వరకు జైలు. 2017 హెచ్ఐవి చట్టం, సంస్థలు తమ దగ్గరున్న వివరాలను కాపాడి తీరాలంటుంది. ఒకప్పుడు ఎయిడ్స్ తీవ్రత ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదొకటి. "ఫలానా ఇంట్లో వుందట" అన్న ఒక్క మాటతో ఊరొదిలిపోయిన కుటుంబాలు గోదావరి జిల్లాల్లో ఎన్ని లేవు? బీరువా తాళం ఒకరి దగ్గర వుండేది. ఇప్పుడు ఒక పాస్‌వర్డు ఆఫీసంతా వాడుకుంటారు. చట్టం చెప్పింది ప్రోగ్రాములోకి ఎక్కాలంటే అడిగేవాళ్ళుండాలి.

సమ్మతి అంటే ఏమిటో గోదావరి ఎగువన ఒకసారి చూశాం. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేలమంది ఆడపిల్లలకి హెచ్‌పివి వ్యాక్సిన్ వేసిన అధ్యయనంలో ఎన్నో సమ్మతి పత్రాల మీద సంతకాలు తల్లిదండ్రులవి కావు, హాస్టలు వార్డెన్లవి. వ్యాక్సిన్ మంచిదా కాదా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. ఆదివాసీ పిల్ల ఒంటి మీద సంతకం ఎవరిది అన్నది ప్రశ్న. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇవాళ వార్డెన్ సంతకం స్థానంలో ఇంకొకరి ఫోనుకొచ్చిన ఓటీపీ వుంది.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చారు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. తప్పులు దిద్దమని అడిగే హక్కు అందులో వుంది. అదే చట్టం ప్రభుత్వం ఇచ్చే సేవల విషయంలో సమ్మతి లేకుండానే వివరాలు వాడుకునే వీలునీ కల్పించింది. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజునీ సవరించింది. వ్యక్తిగత సమాచారం అన్న పేరుతో జవాబు ఎగ్గొట్టడానికి అధికారికి దారి సులువైంది. గర్భసంచుల లెక్క అడిగితే "అది వ్యక్తిగతం" అనే రోజు రాకూడదు. పేర్లు తీసేసి మొత్తాలు ఇవ్వడం సాంకేతికంగా ఒక పూట పని. ఆ పని చేసే మనిషిగా ఈ మాట హామీగా చెబుతున్నాను. కుదరదు అంటే ఇష్టం లేదనే అర్థం.

మరి మనం ఏం అడగాలి? ఆరోగ్య కార్యక్రమాల్లో ఏ కొత్త యాప్ తెచ్చినా దాన్ని నింపే ఏఎన్ఎంలు, ఆశాలు, అంగన్‌వాడీలు కూర్చుని ఒప్పుకున్నాకే తేవాలి. ఆ పని గంటలకి వేతనం ఇవ్వాలి. స్త్రీ శ్రమ వృత్తి గడిలో వున్నది వున్నట్టు పడాలి. భర్త పేరు, భర్త ఫోను ఎక్కడా తప్పనిసరి కాకూడదు. ఓటీపీ చెప్పను అన్నా వైద్యం ఆగకూడదు, ఆ మాట కిటికీ పక్కనే తెలుగులో రాసి వుండాలి. తన గురించి ఏం రాశారో చదివించుకుని, తప్పుంటే దిద్దించుకునే వీలు సబ్‌సెంటర్లోనే వుండాలి. తన వివరాలు ఎవరెవరు తెరిచి చూశారో ఆమెకి తెలియాలి. ప్రసూతి మరణాలు, సిజేరియన్లు, గర్భసంచి ఆపరేషన్ల మొత్తాలు మండలాలవారీగా ఏటా గ్రామసభలో చదవాలి.

ఇవి ఇంజనీర్లకి వదిలేసే విషయాలు కావు. మాలాంటి వాళ్ళం లోపల వుండి ఒక గడి మార్చగలం, రెండు గడులు మార్చగలం. బయట మీ గొంతు లేకపోతే అది కూడా మర్నాడు ఎగిరిపోతుంది. మీ సంఘం పనిచేసే మండలంలో ఈ మూడునెలల్లో ఒక్క పని చేయండి. సబ్‌సెంటరుకి వెళ్ళి ఏఎన్ఎంతో, ఆశాతో కూర్చుని వాళ్ళు రోజూ ఏమేం నింపుతున్నారో, ఏ గడి దగ్గర చెయ్యి ఆగిపోతోందో రాసుకోండి. అలాగే గత అయిదేళ్ళ గర్భసంచి ఆపరేషన్ల మొత్తాలు, వయసువారీగా, సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబునీ, రాని జవాబునీ మాకు పంపండి. వచ్చే సంచికలో అన్నీ పక్కపక్కన వేద్దాం. భూమి పట్టాలో పేరు కోసం మనం కొట్లాడాం. మన ఒంటి లెక్క కోసం కొట్లాడటం దానికి కొనసాగింపే.